నూరేండ్ల లెక్క

మా వాడలో నూరేండ్ల ఇల్లు ఒక్కటి లేదు.

యాభై ఏండ్ల ఇల్లు కూడా లేదు. మా తాత ముత్తాతలు ఇండ్లు కట్టుకోలేదని కాదు. మట్టిగోడ లేపి తాటికమ్మ కప్పిన్రు, వానకు కూలితే మళ్ల లేపిన్రు, ఎండకాలం అంటుకుంటే మళ్ల కప్పిన్రు. ఒక్కో తరం పది ఇండ్లు కట్టింది. మా తాత తన జన్మలో ఎన్నిసార్లు ఇల్లు కప్పిండో ఆయనకే లెక్క లేదు. ఊళ్లె దొర గడికి డంగుసున్నం పట్టింది మా వాడ చేతులే. ఊరి గుడి ప్రహరీకి బండ మోసింది మా వాడ భుజాలే. మా గోడకు మాత్రం మట్టే. బండ ఎత్తగల చేతులకు తన ఇంటికి బండ పెట్టుకునే హక్కు లేకపాయె.

నేను జిల్లా పరిషత్తు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్తాను. 2012 డీఎస్సీల ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషిని. మా నాయిన వేలిముద్ర, మా అవ్వ వేలిముద్ర, నేను నీలం సిరా. ఆకుపచ్చ సిరా దాకా ఇంకా పోలేదు. పిల్లలకు రాజ్యాంగం పాఠం చెప్పేటప్పుడు ఆదేశిక సూత్రాల కాడికి వచ్చేసరికి నా గొంతు కొంచెం మారుతది. 46వ అధికరణం: షెడ్యూల్డు కులాల, తెగల చదువును, ఆర్థిక ప్రయోజనాలను రాజ్యం ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలె. 49వ అధికరణం: జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలను, స్థలాలను, వస్తువులను రాజ్యం కాపాడాలె. రెండింటి నడుమ దూరం మూడు అంకెలు. రెండూ కోర్టుకు పోయి అడిగి తెచ్చుకునేవి కావని 37వ అధికరణం ముందే చెప్పి పెట్టింది.

అయినా కట్టడాలకు రాజ్యాంగం పుట్టకముందే చట్టం ఉంది. కర్జన్ వైస్రాయిగా ఉన్నప్పుడు 1904లో వచ్చింది. స్వరాజ్యం వచ్చినంక 1958లో మరింత గట్టిగా వచ్చింది. మా వాటా పైసలు మాకే ఖర్చు పెట్టాలనే ఉప ప్రణాళిక చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చింది. పంతులును గదా, ఏండ్లు పక్కపక్కన రాసి చూసే అలవాటు. తీసివేతలు మీరే చేసుకోండి.

ఆ 1958 చట్టంలో ఒక మాట ఉంది. నూరేండ్లకు తక్కువ కాకుండా నిలిచి ఉన్నదే పురాతన కట్టడం. చూడబోతే ఇది ఎంత న్యాయమైన మాట! కులం పేరు లేదు, మతం పేరు లేదు, బీద గొప్ప తేడా లేదు. నూరేండ్లు నిలబడు, నిన్ను కాపాడుతాం. కానీ నూరేండ్లు నిలబడాలంటే రాయి కావాలె, సున్నం కావాలె, కింద నీది అనే జాగ కావాలె, జాగ నీదని చెప్పే కాగితం కావాలె. ఊరవతల చెరువు కింద, గాలి ఊరి మీదికి పోని దిక్కున, మట్టిగోడల్లో ఉంచిన వాళ్లకు ఈ పరీక్ష పెడితే పాసయ్యేదెవరు? చట్టానికి కులం తెలియదు, నిజమే. రాయికి తెలుసు.

ఇంతమాత్రాన పాత గుళ్లను, కోటలను గాలికి వదిలెయ్యాలని నేననను. ఈ మాట దగ్గర మా దోస్తులకూ నాకూ చానా రోజులు పడలేదు. యూనివర్సిటీలో నాతోపాటు చదివిన ఒకాయన, ఇప్పుడు వకీలు, గట్టిగా అంటడు: "మనల్ని గడప తొక్కనియ్యని గోడలు కూలితే మనకేం పాయె? మన పన్నుల పైసలతోటి ఆ గోడలు నిలబెట్టుడు అంటే మన సంకెళ్లకు మనమే నూనె రాసుడు." ఈ మాటలో మంట ఉంది, ఆ మంట నాకూ తెలుసు. మా తాత మా ఊరి గుడి గడప ఎన్నడూ తొక్కలేదు. దసరానాడు దూరం నుంచి దండం పెట్టి, దూరం నుంచి వేసిన ప్రసాదం తువ్వాలలో పట్టుకున్నడు. కానీ గోడ కూలితే కూలేది దొర పేరు మాత్రమేనా? దొరకు కైఫీయతు ఉంది, శాసనం ఉంది, పహాణీ ఉంది. మావాళ్ల చెయ్యి పడ్డదన్న సాక్ష్యం ఆ గోడలో తప్ప ఇంకెక్కడుంది? గోడ మాకు గుడి కాదు, కూలి చీటీ. చీటీ చింపేస్తే బాకీ ఎవణ్ణి అడగాలె?

అందుకే 2022లో మా బడి పిల్లల్ని తీసుకొని రామప్పకు పోయిన. పాలంపేటలో ఆ గుడిని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిండు. శాసనం 1213 నాటిది. నిజాం సర్కారు 1914లో పురావస్తు శాఖ పెట్టినంక, దాని డైరెక్టర్ గులాం యాజ్దానీ పాలంపేట గుళ్ల మీద 1922లో ఏకంగా ఒక పుస్తకమే అచ్చు వేసిండు. 2021 జులై 25న యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ మరుసటి ఏడు డిసెంబర్లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము భద్రాచలం వచ్చినప్పుడు రామప్ప దగ్గర సుమారు 62 కోట్ల వసతుల పనులకు శంకుస్థాపన చేసింది. ఒక ఆదివాసీ ఆడబిడ్డ చేతుల మీదుగా ఆ పని మొదలైందంటే నాకు సంతోషమే. 62 కోట్లు ఎక్కువా తక్కువా అని నేను తగువు పెట్టుకోను. ఎనిమిది వందల ఏండ్ల రాతిపనికి అది ఎక్కువేం కాదు.

పిల్లలు నోరు తెరిచి చూసిన్రు. చూడవలసిందే మరి. నీళ్లలో తేలే ఇటుకలు, గుడి చుట్టూ బారులు తీరిన ఏనుగులు, దూలాల కింద నల్లరాతి మదనికలు. ఆ మదనికల్లో ఒకామె కాలికి ఎత్తు మడమల చెప్పులున్నయి. గైడు ఆ చెప్పుల కాడ ఆగి, ఎనిమిది వందల ఏండ్ల కిందనే మన దగ్గర ఫ్యాషన్ ఎట్లుండెనో చూడండి అని చెప్పిండు. అందరూ నవ్విన్రు, ఫోటోలు దిగిన్రు. ఆ చెప్పులు కుట్టిందెవరో గైడు చెప్పలేదు, పుస్తకాల్లో లేదు, బోర్డు మీద లేదు. రాతిలో చెప్పు చెక్కాలంటే ముందు తోలుతో చెప్పు కుట్టినోడు ఉండాలె గదా. తోలు ఊనేసినోడు, లందలో చేతులు పెట్టినోడు, ఆ కాలికి కొలత తీసినోడు. రాతి చెప్పు ప్రపంచ వారసత్వమైంది. తోలు చెప్పు కుట్టినోని మనవలు నాతోని వచ్చిన పిల్లల్లో నలుగురు ఉన్నరు. తమ చెప్పులు బయట విడిచి వచ్చి ఆ చెప్పుల్ని చూసిన్రు.

రామప్ప అనేది ఆ గుడి చెక్కిన శిల్పి పేరంటరు. దేశంలో శిల్పి పేరుతో పిలిచే గుడి ఇదని గొప్పగా చెప్తరు. నేనూ పిల్లలకు అట్లనే చెప్పిన. ఆ పేరు నిలబడ్డది శాసనం వల్ల కాదు, జనం నోటి వల్ల. జనం తరతరాలుగా ఆ పేరుతోటే పిలిచిన్రు గనుక సర్కారు కూడా కాగితం మీద రాసుకున్నది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తది.

ఆ రుద్రుని కాలందే గుడికి దగ్గర్లో చెరువు కూడా. గుడి చూసినోళ్లు చెరువు కట్ట మీద గాలికి కూసుండి పోతరు. నాకు మాత్రం ఆ రెండింటిలో చెరువే పెద్దగ కనపడ్డది. గుడికి వెయ్యి మంది వచ్చినా రాకపోయినా నిలబడుతది. చెరువు అట్ల కాదు. రాత్రి వాన కొడితే తెల్లారేసరికి కట్ట మీద మనిషి ఉండాలె. మత్తడికి చెత్త అడ్డం పడితే తియ్యాలె. ఎండ్రకాయ బొక్క, ఎలుక బొక్క పడితే కూరాలె. ఏ మడికి ఎన్ని గడియలు నీళ్లు పోవాలెనో తెలిసినోడు కావాలె. ఆ తెలిసినోడే నీరటి. మా ఇంటి పేరు ఏదైనా ఊళ్లె మమ్మల్ని పిలిచేది మాత్రం నీరటోళ్లు అనే. మా తాత, వాళ్ల నాయిన, వాళ్ల తాత, ఎవరికి గుర్తున్నంతవరకు వాళ్లు, తూములో మునిగి బిరడా తీసిన్రు, బిరడా పెట్టిన్రు. చలికాలం తెల్లారుజామున నిండు చెరువులో మెడ దాకా దిగి, ఊపిరి బిగబట్టి, అడుగున చేతితో తడుముకుంటూ చేసే పని అది. ఊరందరి పొలాలకు నీళ్లు వదిలిన ఆ చేతులు ఊరి బాయిల చేద వేస్తే మాత్రం బాయి మైలపడేది. 1927లో మహాడ్ల అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లకు తీసుకున్నడని పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నాకు మా తాత చేతులే యాదికొస్తయి.

నీరటికి జీతం లేదు. కల్లం కాడ మేర పెట్టేది, చెరువు కింద ఇంత ఇనాం భూమి ఉండేది. నేనంటాను, ఈ దేశంలో పాత కట్టడాల రక్షణకు పుట్టిన మొదటి గ్రాంటు అదే. ఏ డైరెక్టరు సంతకం లేకుండా, ఏ టెండరు పిలవకుండా, వందల ఏండ్ల చెరువును వందల ఏండ్లు బతికించిన గ్రాంటు. మనిషికి ఇస్తే చెరువు బతికింది. మేర బంద్ అయింది. ఇనాం భూమి కాగితం మీద ఎన్నడు ఎవరి పేరు ఎక్కిందో మా తాతకు తెల్వదు. కట్ట మీద మనిషి లేకపోయేసరికి తుమ్మలు లేచినయి, పూడిక నిండింది, గండ్లు పడ్డయి. 2015లో మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో 46 వేల పైచిలుకు చెరువుల్ని బాగు చెయ్యాలని సర్కారు పూనుకున్నది. పూడిక తీసుడు, కట్ట బలం చేసుడు, తూము, మత్తడి, కాలువల మరమ్మతు. మంచి పని, నేను కళ్లారా చూసిన. ఆ పేరు కూడా కాకతీయులదే. నీరటి పేరు మీద ఒక పథకం పెట్టాలని ఎవరికి తోస్తది?

ఈ సంగతి మా ఒక్క తెలంగాణదే అనుకోకండి. కడప జిల్లా పోరుమామిళ్లలో పెద్ద చెరువు ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిండని 1369 నాటి శాసనం చెప్తది. ఆ శాసనం అసాధారణమైంది. చెరువు బాగుండాలంటే పన్నెండు అంగాలు ఉండాలని, చెడగొట్టేవి ఆరు దోషాలని లెక్కగట్టి రాసిన్రు. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పనిచేసినయని కూడా అందులోనే ఉంది. వెయ్యి మంది. ఆ రాతిమీద చోటు లేక కాదు, శ్లోకాలకు శ్లోకాలే పట్టినయి. వెయ్యి మందిలో ఒక్కని పేరు పట్టలేదు. అయినా నేను ఆ శాసనానికి దండం పెడ్త, కనీసం వెయ్యి మంది అన్నదాన్ని దాచలేదు. చానా శాసనాలు ఆ అంకె కూడా చెప్పవు, రాజు ఒక్కడే గడ్డపార పట్టి తవ్వినట్టే రాస్తయి.

పైసలు రాళ్లకు ఎట్ల పోతయో చూడండి. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో విప్పదీసిన్రు. ఒక్కో రాయికి నంబరు వేసి పక్కన పెట్టి, 2024 మార్చిలో మళ్ల నిలబెట్టిన్రు. పద్దెనిమిదేండ్లు. రాతికి నంబరు వేసి దాని జాగ దానికే మళ్ల అప్పజెప్పినంత శ్రద్ధ, ప్రాజెక్టుల కింద ఊళ్లు మునిగిన మనుషుల మీద పెట్టి ఉంటే ఎంత బాగుండు అనిపించింది. 2017లో కంపెనీలు కోటల్ని దత్తత తీసుకునే పథకం వచ్చింది. 2018లో దాల్మియా భారత్ కంపెనీ అయిదేండ్లకు 25 కోట్ల ఒప్పందంతో ఢిల్లీ ఎర్రకోటను తీసుకున్నది, మన గండికోటను కూడా తీసుకున్నది. దత్తత అనే మాట చూసి నవ్వొచ్చింది. నేను చదివిన హాస్టల్ కిరాయి ఇంట్లో ఉండేది. రెండు గదులు, ఎనభై మందిమి. మమ్మల్ని దత్తత తీసుకోవాలని ఏ కంపెనీకీ తోచలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలె. జాబితాకెక్కినయన్నీ భద్రంగా ఉన్నయని కాదు. 2013లో కాగ్ తనిఖీ చేస్తే కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాల్లో 92 జాడ దొరకలేదు. తర్వాత వెతికితే కొన్ని దొరికినయి. మిగిలిన 50లో 14 పట్టణాలు పెరిగి మాయమైతే, 12 జలాశయాల కింద మునిగినయి, 24 ఎక్కడున్నయో తెల్వదు. రాజముద్ర ఉన్న రాళ్లకే ఈ గతి పడితే, ముద్ర లేని మా రాయి సంగతేంది?

అవును, మాకూ ఒక రాయి ఉంది.

మా ఊరి చెరువు పెద్ద తూము పక్కన, కట్ట వాలులో, మోకాలెత్తు గుండ్రాయి. చెక్కింది కాదు. పసుపు, కుంకుమ పొరలు పొరలుగా గట్టిపడి దాని అసలు రంగు ఏదో తెలియకుండ అయింది. అది నీరటి తాత రాయి. వానకాలం తూము తీసేముందు మా ఇంటోళ్లు అక్కడ కోడిని కోస్తరు, సాక పోస్తరు. కథ ఏందంటే, ఎన్నడో కట్ట మూడు వానకాలాలు వరసగా తెగింది. ఎన్ని తట్టలు మట్టి పోసినా నిలవలే. మనిషి ప్రాణం పోస్తేనే గండి పూడుతదని చెప్పిన్రు. మా ఇంటి మనిషి గండిలో ఉండిపోయిండు. కట్ట నిలబడ్డది.

ఇక్కడిదాకా ఊరి కథ, వాడ కథ ఒక్కటే. ఒక్క క్రియ కాడ రెండూ వేరైతయి. ఊళ్లె చెప్పేది: నీరటి ఊరి మేలు కోరి తానే గండిలోకి దిగిండు. వాడల చెప్పేది: దించిన్రు. మా నాయినమ్మ చెప్పేటప్పుడు ఇంకొంచెం ఉండేది. రాత్రి పూట కల్లు తాపి, గండి చూసిరా పో అని దీవిటీ ఇచ్చి పంపి, మీదినుంచి మట్టి బండ్లు బోర్లించిన్రని. దీవిటీ ఆరేదాకా కేక వినపడ్డదని. ఆమె ఏడ్వకపోయేది, గొంతు కూడా పెంచకపోయేది. దిగిండు, దించిన్రు. తెలుగు వాచకంలో ఒక పాఠం కింద అభ్యాసం లెక్క ఉంటది. కానీ ఒకదాంట్ల త్యాగం ఉంది, ఒకదాంట్ల ఖూనీ ఉంది.

పోయిన ఏడు ఎండకాలంలో వాడ పిల్లలు నా కాడికి వచ్చిన్రు. చరిత్ర ఉన్న స్థలాలకు సర్కారు పైసలు ఇస్తున్నది, మన రాయి కాడ గద్దె, ప్రహరీ, ఒక చిన్న హాలు కట్టిద్దాం, సార్ నువ్వు అర్జీ రాయి అన్నరు. హాలైతే అంబేడ్కర్ జయంతికి పనికొస్తది, పిల్లలు రాత్రి చదువుకోవచ్చు, ఆడోళ్ల సంఘం కూసుంటది. అందులో తప్పేం లేదు. మా వాడకు కూసుండే నీడ ఒక్కటి లేదు. ఊరి పెద్దమనిషి ఒకాయన కూడా ముందుకొచ్చిండు. తన చేతులకెల్లి కొంత ఇస్తనన్నడు, పైన మాట్లాడుతనన్నడు. ఒకటే మాట అడిగిండు: "సారూ, బోర్డు మీద మంచిగ రాయిద్దాం. ఊరి కోసం ప్రాణమిచ్చిన త్యాగమూర్తి అని. పాతయి తోడుకోవద్దు." ఆయన చెడ్డ మనిషి కాదు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో బెదిరింపు కూడా లేదు. నిజంగానే నమ్ముతున్నడు, తానే దిగిండని. ఆయనకు వాళ్ల నాయినమ్మ అట్లనే చెప్పింది.

అప్పటినుంచి నాకు నిద్ర పట్టక ఆలోచించిన సంగతి ఇది. గతాన్ని కాపాడమని సర్కారును పైసలు అడిగినప్పుడు, ఏ గతాన్ని అడుగుతున్నం? సర్కారు పైస ఊరందరిది. ఊరందరి పైసతో లేచే గోడమీద ఊరందరూ ఒప్పుకునే మాటే రాయాలంటరు. వినడానికి బాగుంటది. కానీ ఊరందరూ ఒప్పుకోవాలంటే ప్రతిసారి క్రియ మార్చుకోవలసింది ఎవరు? గెలిచినోళ్ల కోటలు కాపాడేటప్పుడు ఓడినోళ్ల ఒప్పుదల ఎవరూ అడగలే. మా రాయి కాడికి వచ్చేసరికి మాత్రం అందరి మనసూ నొవ్వకుండ ఉండాలె. త్యాగమూర్తి అని రాస్తే మా తాతకు గద్దె వస్తది, దండ వస్తది, వాడకు హాలు వస్తది. ఆయన కేక మాత్రం రెండోసారి మట్టి కింద పడుతది. ఈసారి మట్టి పోసే చెయ్యి నాది.

వాడ పిల్లల వాదన కూడా నేను తీసెయ్యను. ఒకడు ఐటీఐ చేసి ఖాళీగ ఉన్నడు, వాడన్నడు: "సార్, సచ్చినోడు ఎట్ల సచ్చిండో మనకేం ఎరుక. బతికినోళ్లకు హాలు వస్తది. నువ్వు ఉద్యోగస్తునివి, నీకు చరిత్ర కావాలె. మాకు కప్పు కావాలె." దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. నిజమే, నా జీతం నెల మొదట్ల పడుతది, నా ఇల్లు స్లాబు. కానీ కప్పు కావాలంటే 46వ అధికరణం కింద అడుగుదాం, కమ్యూనిటీ హాలు మా హక్కు, దానికి తాతను తాకట్టు పెట్టే పనేంది? వాడు నవ్విండు. "అడుగు సార్, పదేండ్ల సంది అడుగుతనే ఉన్నం" అన్నడు. పదేండ్ల సంది అడుగుతున్న మాట నిజం.

గాయాన్ని కాపాడుకోవచ్చునా అని అడిగేవాళ్లున్నరు. అవమానం జరిగిన జాగను గుర్తుపెట్టుకొని ఏం లాభం, మరిచిపోతేనే ముందుకు పోతం అని స్టాఫ్‌రూముల సలహా ఇచ్చిన మిత్రులున్నరు. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపిన ఎనిమిది మందిని అక్కడి దళితులు ఊరవతల వల్లకాట్లో పెట్టలేదు. వాడ నడిబొడ్డున పూడ్చిన్రు. రక్తక్షేత్రం అన్నరు. ఏటా ఆ రోజున అక్కడ చేరుతరు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ తీర్పు కాగితం మీద వాళ్లను చంపినోళ్లు ఎవరూ లేరు. ఆ సమాధులే లేకపోతే చచ్చినోళ్లు కూడా ఎవరూ లేరనేటోళ్లు. మరిచిపొమ్మని చెప్పేవాళ్లు ఎర్రకోటను మరిచిపొమ్మని ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

మా అవ్వను అడిగిన. ఆమె ఇరవై ఏండ్ల సంది ఆ రాయికి సాక పోస్తున్న మనిషి. ప్రహరీ సంగతి విని, "గోడ కడితె గేటు పెడ్తరు. గేటుకు తాళం ఏస్తరు. తాళంచెవి ఎవరి కాడుంటది బిడ్డా?" అని అడిగింది. హాలు సంగతి అడగలే, బోర్డు సంగతి అడగలే. జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడం చుట్టూ నూరు మీటర్లు ఎవరూ ఏమీ కట్టకూడదని, ఆ పైన ఇంకో రెండు వందల మీటర్లు అనుమతి తీసుకోవాలని 2010లో చట్టం మార్చిన్రు. మా రాయికి అంత భోగం రాదనుకో. వస్తే మా వాడ మొత్తం ఆ నూరు మీటర్ల లోపలనే ఉంటది. చిన్నగ వచ్చినా ఇనుప కమ్మీలు వస్తయి, ముట్టరాదు అని బోర్డు వస్తది. ముట్టరాదు అనే మాట మా అవ్వకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

చరిత్ర పంతులుగా నాకు ఇంకో చిక్కు. దించిన్రు అనడానికి నా దగ్గర సాక్ష్యం ఏముంది? మా నాయినమ్మ మాట. దిగిండు అనడానికి ఆయన దగ్గర ఏముంది? వాళ్ల నాయినమ్మ మాట. ఆ రాత్రి గండి కాడ నేను లేను, ఆయన లేడు. రెండూ నోటి మాటలే. రామప్ప పేరు నోటి మాటగానే వచ్చి సర్కారు కాగితాల దాకా ఎక్కలేదా? నోటి మాట చెల్లుతదంటే రెండు నోళ్లూ చెల్లాలె. చెల్లదంటే రెండూ చెల్లవు. ఊరి నోరు చరిత్ర, వాడ నోరు పుకారు అనే పద్ధతి ఒక్కటే నేను ఒప్పుకోను. మా మాటే నిజమని కూడా అర్జీలో రాయదలచుకోలే. పిల్లలకు నేను రోజూ చెప్పేదానికి అది విరుద్ధం.

చివరికి అర్జీ నాలుగు పేజీలు రాసిన. నిర్మాణ సంవత్సరం అనే కాలంలో తెలియదు అని, కట్టించినవారు అనే కాలంలో చెరువుకు రాజు, రాయికి నీరటోళ్లు అని, ఆధారం అనే కాలంలో ఇద్దరు ముసలమ్మల మాటలు అని రాసిన. ప్రహరీ అడగలే, గేటు అడగలే. తూము తీసి పెట్టే మనిషికి నెలనెలా భత్యం అడిగిన, చెరువును కాపాడేది మనిషే గనుక. ఇప్పుడు ఆ పని చేస్తున్నది మా చిన్నాయిన కొడుకు, మేర లేదు, భూమి లేదు, పిలిస్తే పోతడు. హాలు కోసం వేరే కాగితం, వేరే అధికరణం. బోర్డు మీద ఏం రాయాలెనో కూడా రాసి ఇచ్చిన: ఈ కట్ట గండిలో ఒక నీరటి ప్రాణం పోయింది, తానే దిగిండని ఊరు చెప్తది, దించిన్రని వాడ చెప్తది.

పెద్దమనిషి ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, రెండో వాక్యం సగం కొట్టెయ్యమన్నడు. మొదటి సగం కూడా కొట్టేస్తనంటే కొట్టేద్దాం అన్న. కాగితం మడిచి నా చేతిలో పెట్టిండు. తన సంతకం లేదు, తానిస్తనన్న పైసలూ లేవు. వాడ పిల్లల్లో పదకొండు మంది సంతకాలు పెట్టిన్రు, ఐటీఐ పిల్లగాడు పెట్టలే. మా అవ్వ వేలిముద్ర వేసింది. అర్జీ మార్చిలో పోయింది. మృగశిర కార్తె దాటింది, చెరువుకు ఇంకా నీళ్లు రాలేదు.